సూదంటురాయి పట్టని ఇనుము

హులిగమ్మది కోసిగి పక్కన ఒక పల్లె. వాన ముఖం చాటేసిన ఏడు ఆ పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. తట్టాబుట్టా కట్టుకుని, పనులు దొరికే చోటికి వలస పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. కొందరు రాయచూరు వైపు వరికోతలకు పోతే, కొందరు కౌతాళం కాలవ కింది పొలాలకు పోతారు. డెబ్బై రెండులో కరువు ముదిరినప్పుడు హులిగమ్మా, ఆమె మొగుడు అయ్యన్నా మాత్రం ఆదోనికి వచ్చారు. అయ్యన్నకు పత్తి మార్కెట్టులో హమాలీ పని దొరికింది. ఆ ఒక్క సుగ్గీ గడిస్తే ఊరికి తిరిగి పోదామనుకున్నారు. కానీ కూతురు లింగమ్మ అక్కడే నడక నేర్చింది, హులిగమ్మకు అక్కడే పని కుదిరింది. ఇక ఊరికి పోవడమంటే జాతరకు పోయి రావడంగా మారిపోయింది.

ఆమెకు పని కుదిరింది దేవేంద్రప్ప జిన్నింగు మిల్లులో. పల్లెల నుంచి బండ్ల మీద వచ్చే పత్తిని బోరాల్లోంచి అరుగు మీద గుమ్మరిస్తారు. ఆడవాళ్ళు అందులోని పుల్లలూ రాళ్ళూ ఏరి ఒక పెద్ద చెక్క దోనెలోకి తోస్తారు. దోనె చివర ఒక కొట్టుడు మిషను ఉంటుంది. అది ముద్దగా ఉన్న పత్తిని విదిలించి ఏటవాలు పలక మీదికి వదులుతుంది. అక్కడి నుంచి పత్తి జారి జిన్నులకు పోతుంది. జిన్నులో తోలు చుట్టిన రోలరు దూదిని లాగేసుకుంటుంది, దాన్ని ఒరుసుకుంటూ ఉన్న కత్తి గింజను ఆపేస్తుంది. ఆ రోలరుకూ కత్తికీ మధ్యన గట్టిది ఏ చిన్న ముక్క ఇరుక్కున్నా రాపిడికి నిప్పు పుడుతుంది. దూదిలో నిప్పు పుడితే ఏమవుతుందో ఆదోనిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అందుకే దేవేంద్రప్ప ఆ ఏటవాలు పలకలో, పత్తి జారిపోయే దారిలో, అడ్డంగా ఒక అయస్కాంతపు పలక బిగించి పెట్టించాడు. మిల్లు వాళ్ళు దాన్ని మాగ్నెట్ అనేవాళ్ళు. హులిగమ్మకు తెలిసిన మాట సూదంటురాయి. ఆ పలకను తుడవడమే ఆమె పని. ఏరే పని చేస్తూనే మధ్యమధ్యలో లేచి, మిషను ఆపించి, పలకకు అంటుకున్న ఇనుప ముక్కలన్నీ గుడ్డతో లాగి ఒక డబ్బాలో వేయాలి. తుడవకపోతే ముక్కల మీద ముక్కలు పేరుకుని, కొత్తగా వచ్చినవి నిలవకుండా జారిపోతాయి.

పని నేర్పింది మిల్లు ఫిట్టరు రసూల్ సాబు. ఆయన మొదటిరోజు గుప్పెడు మేకులు తెచ్చి పలక మీదికి విసిరాడు. ఒక్కటీ కింద పడలేదు. తర్వాత ఒక ఇత్తడి గుండీ, కాస్త రాగి తీగా విసిరితే అవి జారిపోయాయి. ఇత్తడీ రాగీ మెత్తనివి కాబట్టి వాటితో పెద్ద భయం లేదనీ, ఇనుముతోనే చావనీ, ఇనుము ఎంతటిదైనా ఈ పలక దాటి పోదనీ చెప్పాడు. ఆ మాట హులిగమ్మ మనసులో గట్టిగా నాటుకుంది. పట్టిందీ అంటే ఇనుము, పట్టలేదూ అంటే ఇనుము కాదు. అంతకంటే తేలికైన సంగతి ఆమె బతుకులో ఇంకొకటి లేదు.

ఆ పలకకు ఏమేమి అంటుకునేవో చూస్తే పత్తి పండించిన పొలాలన్నీ కళ్ళ ముందు తిరిగేవి. ఎద్దు కాలికి కొట్టిన నాడాలు, కొడవలి మొనలు, గోతాలు కుట్టే దబ్బనాలు, సైకిలు చైను తునకలు, జాకెట్టు పిన్నీసులు. ఒకసారి పచ్చగా మెరిసే బెల్టు బిళ్ళ ఒకటి అంటుకుంది. ఇత్తడి బిళ్ళ సూదంటురాయికి అంటుకోవడమేమిటని హులిగమ్మ దాన్ని రసూల్ సాబుకు చూపించింది. ఆయన ఆకురాయితో దాని అంచు గీకాడు. పైపూత కిందినుంచి నల్లటి ఇనుము బయటపడింది. ఆ రోజు నుంచి ఆమెకు ఆ పలక మీద నమ్మకం రెండింతలయింది. మనిషి కన్ను పైపైనే చూస్తుంది, ఇది లోపలికి చూస్తుంది అనుకుంది.

ఆ నమ్మకం పూర్తిగా కుదురుకోకముందే ఇంకోటి జరిగింది. తుడవడానికి వంగినప్పుడు ఆమె రొంటినున్న డబ్బుల చిక్కం జారి, అందులోని పాత అర్ధరూపాయి బిళ్ళ పలకకు టక్కున అంటుకుంది. పక్కనే పత్తి ఏరుతున్న ఈరమ్మ చూసి, అది దొంగ బిళ్ళ అని తేల్చేసింది. ఈరమ్మ హులిగమ్మకంటే పెద్దది, మిల్లులో అందరికంటే పాతది, మాటలో తడబాటు లేని మనిషి. హులిగమ్మ బిళ్ళ తీసుకుని మళ్ళీ రసూల్ సాబు దగ్గరికే పోయింది. ఆయన ఈసారి ఆకురాయి తీయలేదు. అది నికెల్ అనే లోహమనీ, మంచి బిళ్ళేననీ చెప్పాడు.

"అంటే ఇనుమేనా సాబన్నా?"

"ఇనుము కాదమ్మా. కానీ పడుతుంది."

ఇనుము కానిది ఎట్లా పడుతుందని ఆమె అడిగితే ఆయన చేతులు తిప్పాడు. ఆ సాయంత్రం అంగట్లో ఆ బిళ్ళ ఇస్తే కోమటి మారుమాట లేకుండా తీసుకున్నాడు. కొత్తగా వచ్చిన బిళ్ళలు పెట్టి చూస్తే అవి పట్టలేదు. హులిగమ్మ చాలాసేపు ఆలోచించి, ఏ ఊళ్ళోనైనా ఒక తలతిక్క మనిషి ఉంటాడు కదా, లోహాల్లో ఈ నికెల్ అట్లాంటిది అయ్యుంటుందని సరిపెట్టుకుంది.

డెబ్బై ఎనిమిదిలో పత్తి ఎక్కువగా వచ్చింది. కొత్త రకం విత్తనాలు వేసిన రైతులు బండ్ల మీద బండ్లు తోలారు. మిల్లు ఆగకుండా ఆడింది. మాఘమాసం చివర్లో ఒక మధ్యాహ్నం, అందరూ సద్దులు తిని మళ్ళీ పనిలో కూర్చున్న కాసేపటికి, మూడో జిన్ను దగ్గర చీర కాలిన వాసన లాంటి వాసన వచ్చింది. అప్పుడు ఈరమ్మ ఆ జిన్ను ముందు నిలబడి దూది ఎత్తుతోంది. సన్నగా పొగ కనిపించగానే ఆమె పరుగెత్తలేదు. అంటుకున్న దూదిని బయటికి లాగేస్తే మిగతాది దక్కుతుందనుకుని చెయ్యి పెట్టింది. మంట ఆమె చేతి మీదుగానే కుప్పకు పాకింది.

ఇసుక బకెట్లూ నీళ్ళ బిందెలూ పట్టుకుని మిల్లంతా ఉరికింది. షెడ్డు దక్కింది గానీ అందులోని దూది దక్కలేదు. ఈరమ్మ కుడిచెయ్యి మోచేతి పైదాకా కాలింది. ఆమెను రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే హులిగమ్మ వెంట నడుస్తూ పోయింది. ఈరమ్మ ఏడవలేదు. చెయ్యి చల్లగా ఉంది, ఎందుకు చల్లగా ఉందని మాత్రం మళ్ళీ మళ్ళీ అడిగింది.

మిషను చల్లారాక రసూల్ సాబు మూడో జిన్ను విప్పాడు. రోలరుకూ కత్తికీ మధ్యన చిటికెనవేలంత ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది. మసితో నల్లగా మాడిపోయి ఉంది, బరువుగా ఉంది, సుత్తితో కొడితే ఖంగుమంది. దేవేంద్రప్ప దాన్ని అరచేతిలో పట్టుకుని, ఇంత ఇనుప ముక్క పలక దాటి ఎట్లా వచ్చిందని అడిగాడు. ఆయన ఎవరి పేరూ ఎత్తలేదు. అయినా అందరూ హులిగమ్మ వైపు చూశారు.

ఆమె తుడిచానని చెప్పబోయింది. సద్ది తిని లేచాక పలక తుడవడం రోజూ చేసే పనే. గుడ్డ తీసుకోవడం, వంగడం, ముక్కలు డబ్బాలో గలగలమని పడటం, అన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. కానీ అది ఆ రోజుదో, ముందురోజుదో, అంతకుముందు వారానిదో ఆమెకు తెలియలేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎంత వెతికినా ఆ రోజు గుర్తు ఒక్కటీ దొరకలేదు.

"తుడిసినా అనుకుంటాండా సావుకారీ," అంది చివరికి.

ఆ 'అనుకుంటాండా' అన్న ఒక్క మాటతో అయిపోయింది. దేవేంద్రప్ప గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. మిల్లు మళ్ళీ నడిచేదాకా ఇంటికాడ ఉండమనీ, తర్వాత చూద్దామనీ అన్నాడు. ఆ 'తర్వాత' ఉండదని అందరికీ అర్థమైంది.

ఇంట్లో అయ్యన్నకు ఆమె సంగతి అర్థం కాలేదు. తుడిచినానని ఒక్క మాట నిలబడి చెప్పి ఉంటే ఎవరు కాదనగలరని ఆయన వాదన. తుడవలేదని ఎవరైనా చూశారా? చూడలేదు కదా! హులిగమ్మకు మాత్రం ఎవరో చూడటం, చూడకపోవడం కాదు కావలసింది. తాను తుడిచిందో లేదో తనకే తెలియాలి. పాత్రలు తోముతూ చెయ్యి ఆపి ఆలోచించేది. ఒక పూట తుడిచినట్టే తోచేది. ఇంకో పూట, ఆ మధ్యాహ్నం లింగమ్మకు జ్వరమని సద్ది సగంలో వదిలి లేచిన సంగతి గుర్తొచ్చి, ఆ తొందరలో మరిచిపోయానేమో అనిపించేది. లింగమ్మకు జ్వరం వచ్చింది ఆ రోజేనా? అదీ తెలియదు.

ఈరమ్మను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక చూడటానికి పోయింది. ఈరమ్మ కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"తుడిసినావా లేదా, ఒక్క మాట సెప్పు. నేనేమీ అనను."

"తెలీదక్కా," అంది హులిగమ్మ.

ఈరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. లేదని చెప్పి ఉంటే ఆమె తిట్టి ఊరుకునేదేమో, ఔనని చెప్పి ఉంటే నమ్మేదేమో. తెలీదన్న మాటను ఏం చేసుకోవాలో ఆమెకు తోచలేదు. హులిగమ్మ కాసేపు గడపలో కూర్చుని లేచి వచ్చేసింది.

మిల్లు బాగుచేసే పని జరుగుతున్న రోజుల్లో, పొద్దున్నే రసూల్ సాబు హులిగమ్మ ఇంటికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ రానివాడు. భుజాన సంచి ఉంది. అరుగు మీద కూర్చుని, సంచిలోంచి పాత లౌడుస్పీకరు నుంచి తీసిన గుండ్రటి అయస్కాంతమూ, ఆ కాలిన ముక్కా తీసి పక్కపక్కన పెట్టాడు. పలక శుభ్రం చేస్తూ ఊరికే ఆ ముక్కను దాని మీద పెడితే జారి కాళ్ళ మీద పడిందట. పొరపాటేమోనని మళ్ళీ పెట్టాడట. మళ్ళీ పడిందట. మిల్లులో చెప్పే ముందు ఆమెకు చూపిద్దామని తెచ్చాడు.

హులిగమ్మ ముక్కను అయస్కాంతం మీద పెట్టింది. అది రాయి మీద రాయి పెట్టినట్టు పడి ఉంది. పక్కకు వంచితే జారిపోయింది. ఇంట్లోంచి మేకు ఒకటి తెచ్చి పెడితే టక్కున అంటుకుంది. కొడవలి తెచ్చి పెట్టింది. అదీ అంటుకుంది. మళ్ళీ ముక్క పెట్టింది. అంటుకోలేదు.

"అట్లయితే ఇది ఇనుము కాదా సాబన్నా?"

"ఆకురాయి ఏసి సూసినా. ఇత్తడి కాదు, సీసం కాదు, సత్తు కాదు. తెల్లగా మెరుస్తాంది. ఇంత గట్టిగ ఇనుము కాక ఏముంటాది?"

"ఇనుమైతే పట్టాల గదా."

"పట్టాల," అన్నాడాయన.

తాను తప్పించుకున్నానని సంతోషించాలో వద్దో హులిగమ్మకు తోచలేదు. ఇన్నేళ్ళూ ఆ పలక చెప్పిందే నిజమనుకుంది. ఇప్పుడు అదే అబద్ధమాడుతుంటే ఎవరిని నమ్మాలి? దాటిపోయింది ఇదొక్కటేనా, ఇంకెన్ని దాటిపోయాయో?

రసూల్ సాబుకు యేసేపు మాస్టరు తెలుసు. ఊళ్ళో కుర్రాళ్ళకు లేతు పనీ వెల్డింగూ నేర్పేవాడాయన. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ ఆయన షెడ్డుకు పోయారు. యేసేపు ముక్కను సాన చక్రానికి ఆనించి ఒరిపించాడు. ఎగిరిన నిప్పురవ్వలు పొట్టిగా, ఎర్రగా రాలాయి. మామూలు ఇనుప కడ్డీని ఆనిస్తే రవ్వలు పొడుగ్గా, పువ్వుల్లా విచ్చుకుని రాలాయి. ఆయన తల ఊపి, ఇది స్టీలు సామాన్లు చేసే స్టీలు, తుప్పు పట్టని రకం అన్నాడు. ఇందులో ఎక్కువపాలు ఇనుమేనట. దాంట్లో క్రోమియం అనే లోహమూ, నికెలూ కలుపుతారట. కలిపాక అది అయస్కాంతానికి పట్టదట.

హులిగమ్మకు నికెల్ అన్న మాట తెలుసు. ఆమె చేయి కాస్త ఎత్తి ఆయన్ను ఆపింది.

"సారూ, నికెల్ పడతాది గదా. నేను సూసినా."

"పడతాదమ్మా."

"ఇనుము పడతాది. నికెల్ పడతాది. పట్టే రొండూ కలిపితే పట్టకుండ ఎట్ల పోతాది?"

యేసేపు జవాబు చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. ఇనుములో కంటికి కనపడని రేణువులు వరసగా పేర్చినట్టుంటాయనీ, అవన్నీ ఒకవైపుకు తిరిగితేనే అయస్కాంతానికి లొంగుతాయనీ, వేరే లోహం కలిసినప్పుడు ఆ పేర్పు మారిపోతుందనీ, అప్పుడు ఒక రేణువు ఒకవైపు లాగితే ఇంకోటి ఇంకోవైపు లాగుతుందనీ చెప్పాడు. స్టీలులోనూ పట్టే రకం ఉంది, పట్టని రకం ఉందన్నాడు. చెబుతూ చెబుతూ ఆయనే ఆగి, తాను చదువుకున్నది ఇంతేననీ, ఎందుకు అట్లా మారుతుందో తనకూ పూర్తిగా తెలియదనీ నవ్వాడు. హులిగమ్మ మర్యాదకు తల ఊపింది. ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రసూల్ సాబు కూడా తల ఊపాడు. ఆయనకూ అర్థమైనట్టు లేదు.

అప్పుడు యేసేపు ముక్కను వెలుతురుకు పట్టి ఒక చివర చూపించాడు. ఆ చివర విరగలేదు, రంపంతో నున్నగా కోసి ఉంది. ఇట్లాంటిది రైతు పత్తిలో రావడం తాను చూడలేదనీ, ఎవరో బల్లకు బిగించి కొలత పెట్టి కోసిన ముక్క అనీ అన్నాడు.

రసూల్ సాబు ముక్కను గుప్పిట్లో బిగించి లేచాడు. దారంతా ముందు ముందు నడిచాడు. మిల్లుకు పోగానే కొట్టుడు మిషను పక్క తలుపు విప్పాడు. లోపల తిరిగే ఇరుసుకు దంతాలు బిగించే పిన్నులు వరసగా ఉన్నాయి. ఒకచోట పిన్ను ఉండాల్సిన రంధ్రం ఈ వైపున ఖాళీగా ఉంది. ఆయన ముక్కను ఆ రంధ్రంలో పెట్టాడు. అది సరిగ్గా కూర్చుంది. మిగిలిన సగం రంధ్రం అవతలి వైపున ఇంకా ఇరుక్కునే ఉంది.

"నేనే ఏసినా," అన్నాడు. "ఇనప పిన్నులు తుప్పు పట్టి ఇరిగిపోతాండాయని, పాత సామాన్ల అంగట్లో ఈ కడ్డీ తెచ్చి, నా సేత్తో కోసి ఏసినా. తుప్పు పట్టదు, గట్టిది, ఇంక ఇరగదనుకొంటి."

హులిగమ్మ దోనె చివర నుంచి పలకదాకా కళ్ళతో కొలిచింది. కొట్టుడు మిషను పలకకు ముందే ఉంది. అందులోంచి మామూలు ఇనప పిన్ను విరిగి పడి ఉంటే పలక దాన్ని పట్టి ఉంచేది. మంచిదని వేసిన పిన్ను కాబట్టే అది పట్టకుండా పోయింది. ఆమె రసూల్ సాబు మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆయన చేసింది పని మీద శ్రద్ధతోనే కదా!

రసూల్ సాబు అప్పుడే దేవేంద్రప్ప గదికి పోయి జరిగింది చెప్పాడు. దేవేంద్రప్ప బయటికి వచ్చి, ముక్కను తానే పలక మీద పెట్టి చూశాడు. తర్వాత తన వేలి ఉంగరం పెట్టి చూశాడు, తాళంచెవి పెట్టి చూశాడు. ఆ పిన్నులు వేసినప్పుడు మంచి పని చేశావని మెచ్చుకున్నది ఆయనే. ఎవరి మీద కేకలు వేయాలో తెలియక, ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగి, హులిగమ్మను రేపటి నుంచి పనికి రమ్మని చెప్పి లోపలికి పోయాడు.

పనికి రమ్మన్నారని చెప్పగానే అయ్యన్న తేలికపడ్డాడు. హులిగమ్మ మాత్రం లెక్క వేసుకుంటూనే ఉంది. ఆ పూట తాను పలక తుడిచినా ముక్క పోయేదే, తుడవకున్నా పోయేదే. అందరికీ అక్కడితో అయిపోయింది. తుడిచిందో లేదో అని ఇక ఎవరూ అడగరు. కానీ ఆమెకు అది ఇప్పటికీ తెలియదు. ఒకవేళ తుడవలేదనుకుంటే, తప్పు చేసీ తప్పు లేనట్టు అయిందా? తుడిచిందనుకుంటే, మరి ఇన్నాళ్ళూ తనను తాను ఎందుకు నమ్మలేదు?

మర్నాడు పనికి పోయే ముందు, రసూల్ సాబును అడిగి తెచ్చుకున్న ముక్కనూ అయస్కాంతాన్నీ కొంగున కట్టుకుని ఈరమ్మ ఇంటికి పోయింది. జరిగింది చెప్పింది. ఈరమ్మ నమ్మలేదు. ఇనుమంట, పట్టదంట, పిల్లలకు చెప్పే కత అంది. హులిగమ్మ వాదించకుండా రెండూ ఆమె ముందు పెట్టింది. ఈరమ్మ ఎడమచేత్తో ముక్కను తీసుకుని అయస్కాంతం మీద ఒత్తింది. చెయ్యి తీసింది. ముక్క దొర్లి చాప మీద పడింది. మళ్ళీ ఒత్తింది. ఈసారి చాలాసేపు ఒత్తి పట్టుకుంది, ఒత్తితే పడుతుందేమో అన్నట్టు. వదలగానే మళ్ళీ పడింది.

"ఇదేందే ఇట్లుంది," అంది ఈరమ్మ. ముక్కను హులిగమ్మ చేతిలో పెట్టి, "కూసో, టీ తాగి పో," అంది.

ఈరమ్మ చెయ్యి మానింది గానీ మోచెయ్యి పూర్తిగా చాపుకోలేకపోయింది. రసూల్ సాబు దేవేంద్రప్పతో మాట్లాడి ఆమెకు గింజల కొట్టంలో కూర్చుని చేసే పని ఇప్పించాడు. తానుగా ఎప్పుడూ ఆమెకు ఎదురుపడలేదు. రంజాను పండక్కి ఆయన భార్య కుల్సుంబీ మాత్రం ఏటా ఒక గిన్నెడు సేమ్యా పాయసం ఈరమ్మ ఇంటికి తెచ్చి ఇచ్చేది. ఈరమ్మ దాని గురించి ఏమీ అనేది కాదు, తినేది.

మిల్లులో కొత్త కట్టుబాట్లు వచ్చాయి. కొట్టుడు మిషనులో పిన్నులన్నీ మళ్ళీ ఇనపవే వేశారు. పత్తి ఏరే అరుగు మీదికి స్టీలు క్యారియర్లు తేకూడదని రసూల్ సాబు చెప్పాడు. ఎవరో సత్తు గిన్నె తేవచ్చా అని అడిగారు. తేవచ్చన్నాడు. సత్తు కూడా సూదంటురాయికి పట్టదు కదా అని హులిగమ్మ అడిగింది. ఆయన తల గోక్కున్నాడు. సత్తు మెత్తనిది కదా అన్నాడు. గిన్నె మెత్తనిదే, మరి దాని మూతకున్న కడ్డీ ఇనపది కదా అంది ఇంకొకామె. ఇనపదైతే పలకే పట్టుకుంటుంది కదా అంది మరొకామె. ఆ చర్చ ఎటు పోయిందో ఎవరికీ తెలియలేదు గానీ, చివరికి అరుగు మీదికి ఏ గిన్నే తేకూడదని నిశ్చయమైంది. హులిగమ్మ మాత్రం పలకను తుడవడంతో పాటు, దోనెలోకి పోయే పత్తిని చేతివేళ్ళతో నలిపి చూడటం మొదలుపెట్టింది. పని ఆలస్యమవుతుందని అప్పుడప్పుడు మాట పడేది. అయినా మానలేదు.

ఎనభై తొమ్మిదిలో లింగమ్మను ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి ఇచ్చి పెళ్ళి చేశారు. మూడేళ్ళకు మోకాళ్ళ నొప్పులతో హులిగమ్మ మిల్లు మానేసింది. కూతురు దగ్గరికి పోయినప్పుడు ఒకనాడు ఇద్దరూ సంతపేట దగ్గరి స్టీలు సామాన్ల అంగడికి పోయారు. లింగమ్మకు నీళ్ళు పోసుకునే బిందె కావాలి. అంగడాయన రెండు బిందెలు ముందు పెట్టి, సొరుగులోంచి చిన్న అయస్కాంతం తీశాడు. ఒక బిందెకు ఆనిస్తే అంటుకుంది. రెండోదానికి ఆనిస్తే జారిపోయింది. అంటుకోలేదు కాబట్టి రెండోదే అసలైన మంచి స్టీలు అని ఆయన చెప్పాడు.

హులిగమ్మ ఆ అయస్కాంతాన్ని అడిగి తీసుకుంది. ఇన్నేళ్ళ పనిలో పట్టనిది అంటే ఆమెకు భయం. ఈయన పట్టనిదే మేలంటున్నాడు. బిందె అడుగున ఆనించింది. పట్టలేదు. బొజ్జ మీద ఆనించింది. పట్టలేదు. మూతి దగ్గర వంచి మడిచిన అంచుకు ఆనించింది. అక్కడ కాస్త, బలవంతంగా అన్నట్టు, పట్టింది. లాగితే వదిలింది.

"అప్పా, ఈడ పడతాంది సూడు. ఆడ పట్టల్లేదు. ఒగటే బిందె గదా ఇది?"

అంగడాయన తానూ ఆనించి చూశాడు. ఇన్నాళ్ళూ అమ్ముతున్నా అంచుకు ఎప్పుడూ పెట్టి చూడలేదన్నాడు. వంచిన చోట అట్లా అవుతుందేమో అన్నాడు. వంచితే ఇనుము మారిపోతుందా అని ఆమె అడిగింది. అది ఆయనకూ తెలియదు. వెనక ఇంకా ఇద్దరు బేరానికి నిలబడ్డారు. లింగమ్మ తల్లి మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది.

"దీన్నే కట్టియ్యప్పా," అంది హులిగమ్మ.

దారిలో బిందెను చంకన పెట్టుకుని నడుస్తూ లింగమ్మ, ఇది మంచిదేనా అమ్మా అని అడిగింది.

"నాకు తెలీదు లింగీ. ఇంటికి పోయి నీళ్ళు పోసి సూస్తాం."

ఇంటికి పోగానే బిందె నింపి వాకిట్లో పెట్టారు. హులిగమ్మ దాని పక్కనే పీట వేసుకుని, అడుగున తడి కనిపిస్తుందేమోనని పొద్దు వాలేదాకా చూస్తూ కూర్చుంది.